అమ్మ రిపోర్టులో అన్నీ ‘ఆర్’లే, చెరువులో కలిపిన మందే కారణమా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ఉండి దగ్గర పల్లెటూరు. కొంత వరి, కొంత వనామీ రొయ్యల చెరువు. మా అమ్మకి మూత్రంలో మంట, చలిజ్వరం. మెడికల్ షాపులో అడిగి రెండు మూడు రకాల మాత్రలు మార్చి వాడాం, తగ్గలేదు. భీమవరంలో, ఏ క్రిమి ఉందో, ఏ మందుకి లొంగుతుందో చూసే కల్చర్ టెస్టు చేయిస్తే ఈ.కోలై అనే బ్యాక్టీరియా అని వచ్చింది. చాలా మందుల పక్కన ‘ఆర్’ అని ఉంది. ఇప్పుడు ఇంజెక్షన్లు పెడుతున్నారు. కిందటి పంటలో రొయ్య చనిపోతుంటే నేను కూడా యాంటీబయాటిక్ మేతలో కలిపాను. దానికీ దీనికీ సంబంధం ఉందేమోనని టెన్షన్‌గా ఉంది.
– ఒక రైతు, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: ముందు అమ్మగారి సంగతి. ‘ఆర్’ ఉందంటే ఆ మందుకి ఆ బ్యాక్టీరియా లొంగదని. మారింది అమ్మగారి ఒళ్ళు కాదండీ, క్రిమి. ఈ.కోలై అన్నీ అనుకూలిస్తే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. అన్ని కోట్లలో మందుని తట్టుకునేది ఎక్కడో ఒకటి పుడుతుంది. ఏటా ఒకే కలుపు మందు కొడితే చావని కలుపే చేనంతా ఆక్రమించడం మీరు చూసే ఉంటారు. ఇక్కడా అంతే. షాపు సలహాతో మార్చి మార్చి మింగిన మాత్రలు ఆ పనే చేసి ఉంటాయి.

మీ చెరువు మందే అమ్మగారి జబ్బుకి కారణమని ఒక రిపోర్టు చూసి ఎవరూ చెప్పలేరు. మీరు ఆ భారం మోయకండి. అలాగని సంబంధమే లేదని మాత్రం నేను అనను. మందుని తట్టుకునే గుణాన్ని బ్యాక్టీరియా ప్లాస్మిడ్లనే చిన్న డీఎన్ఏ వలయాల ద్వారా పక్కదానికి అందిస్తుంది, అది వేరే జాతిదైనా సరే. మన చెరువుల నీళ్ళు వదిలేది డ్రెయిన్లలోకే. ఊళ్ళ మురుగు, కోళ్ళ ఫారాలు కడిగిన నీళ్ళు చేరేదీ అటే. భీమవరం మీదుగా పోయే యనమదుర్రు డ్రెయిన్ పక్కన నిలబడితే ఇది పుస్తకాల్లో మాట కాదని తెలుస్తుంది.

నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇంకోటి. అసలు ఆ రొయ్య ఎందుకు చనిపోయింది? తెల్లమచ్చ వ్యాధి అయితే అది వైరస్. ఎదుగుదల ఆగి, సైజు తేడాలొచ్చే ఈహెచ్‌పీ అయితే అది ఫంగస్‌కి దగ్గరి సూక్ష్మజీవి. ఈ రెంటి మీదా యాంటీబయాటిక్ ఏమీ చేయలేదు. డబ్బు పోతుంది, రొయ్య పోతుంది, చెరువు అడుగున మొండి బ్యాక్టీరియా మిగులుతుంది. రొయ్యని చంపే ఇంకో క్రిమి విబ్రియో మాత్రం నిజంగా బ్యాక్టీరియానే. దానికైనా సీడ్ (రొయ్య పిల్లలు) వేసే ముందు వాటిలో క్రిమి ఉందేమో చూసే పీసీఆర్ టెస్టు, అడుగు మట్టి ఎండబెట్టడం, మేత మిగలకుండా చెక్ ట్రేలు చూసుకోవడం, రాత్రిపూట నీళ్ళకు గాలి అందించే ఏరేటర్లు ఆపకపోవడం, ఇవే కాపాడతాయి. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే యాంటీబయాటిక్‌లు రొయ్యల్లో పూర్తిగా నిషేధం. రొయ్య పట్టుబడికి ముందు ఎంపెడా (సముద్ర ఉత్పత్తుల ఎగుమతి సంస్థ) ల్యాబు పరీక్షలో వాటి ఆనవాలు దొరికితే యూరప్ ఎగుమతి దారి మూసుకుపోతుంది.

కోళ్ళ మేతలో కలిపే కొలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ని మన ప్రభుత్వం 2019లో నిషేధించింది. ఇంకేదీ పనిచేయనప్పుడు ఐసీయూలో మేము చేయి చాపేది ఆ మందుకే. దాన్ని కోడి బరువు కోసం ఖర్చుపెట్టారంటే నాకు కోపం వస్తుంది. ఆ ఏడాదిలోనే మందులకు లొంగని బ్యాక్టీరియా వల్ల నేరుగా చనిపోయినవారు ప్రపంచమంతటా సుమారు 12.7 లక్షల మంది.

వరిలో బ్యాక్టీరియా వల్ల వచ్చే ఎండాకు తెగులు కనబడగానే స్ట్రెప్టోమైసిన్ అనే యాంటీబయాటిక్ కలిపి కొట్టేవాళ్ళున్నారు. అది క్షయ రోగులకు వాడే మందు. దాని బదులు యూరియా తగ్గించండి. సాంబ మసూరి వేసేవాళ్ళయితే, ఈ తెగులును తట్టుకునేలా హైదరాబాద్ శాస్త్రవేత్తలు 2008లో తెచ్చిన మెరుగుపరచిన సాంబ మసూరి ఉంది.

ఇప్పుడు చేయాల్సింది: జ్వరం తగ్గిందని ఇంజెక్షన్లు మధ్యలో ఆపకండి, ఎన్ని రోజులన్నది డాక్టర్ గారికే వదిలేయండి. అమ్మగారికి షుగర్ పరీక్ష చేయించారా? లేకపోతే వెంటనే చేయించండి, ఈ ఇన్ఫెక్షన్ మళ్ళీ మళ్ళీ రావడానికి అదొక పెద్ద కారణం. ఇదివరకు వాడిన మాత్రల స్ట్రిప్పులు ఇంట్లో ఉంటే అన్నీ తీసుకెళ్ళి డాక్టర్ గారికి చూపించండి. స్ట్రిప్పు మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా కొనకూడదని అర్థం. ఈసారి రొయ్య నీరసంగా గట్టువారకి వస్తే, మందుల షాపుకి కాదు, ప్రాణంతో ఉన్నవాటినే నాలుగు ఆక్సిజన్ నింపిన కవరులో వేసుకుని ల్యాబుకి వెళ్ళండి.