వెనక షాక్స్ కొనే ముందు బరువు చూసుకోండి

ప్రశ్న: నమస్తే అన్నా. మాది తిరుపతి, రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంటర్‌సెప్టర్ 650 బైకు నడుపుతాను. రోజూ రేణిగుంట దాకా ఒక్కడినే వెళ్తాను. సెలవులొస్తే మా ఆవిడతో, రెండు సైడ్ బ్యాగులతో హార్స్‌లీ హిల్స్, బెంగళూరు అలా తిరుగుతాం. నేను 82 కిలోలు, ఆమె 64, సామాను ఓ 22. డబుల్స్ వెళ్తే స్పీడ్ బ్రేకర్ మీద వెనక టక్‌మని కొడుతుంది, ఇంటికొచ్చేసరికి ఆమెకి నడుం నొప్పి. భాకరాపేట ఘాట్ ఎక్కుతుంటే మలుపుల్లో బండి బయటికి లాగేస్తోంది. ప్రీలోడ్ (షాక్ స్ప్రింగ్‌ని ముందే కాస్త నొక్కి ఉంచే సర్దుబాటు) చివరి మెట్టులో పెట్టినా అంతే. ఓలిన్స్ కంపెనీ షాక్స్ కొనాలా, వైఎస్ఎస్ వాళ్లవి చాలా? షాపులో అయితే పక్కన డబ్బా ఉన్న రకమే తీసుకోమంటున్నారు.

జవాబు: ముందు కంపెనీ పేర్లు పక్కన పెట్టండి. మీ ఇద్దరి బరువూ, సామానూ కలిపితే 168 కిలోలు, మీ కంపెనీ షాక్ స్ప్రింగ్ అంత బరువుకి బాగా కిందికి దిగిపోతోందనే నాకు అనిపిస్తోంది. వెనక అలా కూర్చుండిపోతే ముందు చక్రం మీద బరువు తగ్గుతుంది, హ్యాండిల్ తిప్పినా బండి తొందరగా తిరగదు, ఘాట్ ఎక్కేటప్పుడు బయటికి పోవడానికి చాలావరకు ఇదే కారణం. రాత్రి హెడ్‌లైట్ ఎదుటివాళ్ల కళ్లలో కొడుతోందా చూడండి, అదీ దీని గుర్తే.

ప్రీలోడ్ తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందని చాలామంది నమ్ముతారు. గట్టిపడదు, బండి వెనక భాగం కాస్త పైకి లేస్తుంది, అంతే.

ఇంట్లోనే టేపు పెట్టి కొలవండి. సెంటర్ స్టాండ్ వేసి వెనక చక్రం గాల్లో ఉండగా యాక్సిల్ నట్ (చక్రం ఇరుసు నట్) నుంచి నేరుగా పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలిచి రాసుకోండి. తర్వాత స్టాండ్ తీసి ఖాళీ బండిని నిటారుగా పట్టుకుని ఒకసారి, మీరిద్దరూ బ్యాగులతో సహా కూర్చున్నాక ఒకసారి కొలవాలి, దీనికి మూడో మనిషి కావాలి. మొదటి కొలతలోంచి ఈ కొలతలు తీసేస్తే వెనక ఎంత దిగిందో తెలుస్తుంది. మీ బండి వెనక చక్రం కదిలేదే మొత్తం 88 మి.మీ. నిండు బరువుతో అందులో మూడో వంతుకి కాస్త తక్కువ, అంటే 26 నుంచి 29 మి.మీ. దాకా దిగితే సరే. ప్రీలోడ్ చివరి మెట్టులో ఉండి, ఖాళీ బండి అసలు దిగకుండా, మీరు కూర్చుంటే మాత్రం 35, 40 దిగుతోందంటే స్ప్రింగ్ మెత్తన, ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఖాళీ బండి 5 నుంచి 10 మి.మీ. దిగడం మంచిది. దీనికంటే ముందు టైర్లలో గాలి డబుల్స్‌కి చెప్పినంత ఉందా, మొత్తం బరువు బండి మాన్యువల్‌లో రాసిన హద్దు లోపలే ఉందా చూసుకోండి, ఆ హద్దు దాటితే ఏ షాకూ కాపాడదు.

ఓలిన్స్ స్వీడన్ వాళ్లది, వైఎస్ఎస్ థాయిలాండ్ వాళ్లది, రెండూ మంచివే. కానీ ఒంటరి రైడర్ బరువుకి స్ప్రింగ్ వేసిన ఓలిన్స్ కంటే మీ ఇద్దరికీ సరిపడే స్ప్రింగ్ వేసిన వైఎస్ఎస్ మీకు వంద రెట్లు మేలు. ఆర్డర్ ఇచ్చేటప్పుడు మూడు బరువులూ విడివిడిగా చెప్పి, ఎంత గట్టి స్ప్రింగ్ (స్ప్రింగ్ రేటు) ఇస్తున్నారో అడగండి. చెప్పలేని షాపులో కొనొద్దు. వారమంతా మీరొక్కరే నడుపుతున్నా స్ప్రింగ్ మాత్రం ఇద్దరి బరువు చూసే ఎంచుకోమంటాను, ఎందుకంటే నడుం పట్టేసేది వెనక కూర్చున్న మనిషికి, ముందున్న మీకు గుంత కనిపిస్తుంది, ఆమెకి కనిపించదు. ఒక్కరే వెళ్లేటప్పుడు ప్రీలోడ్ తగ్గించుకోండి, కాస్త గట్టిగా అనిపించినా భరించవచ్చు.

ఇక ఆ పక్క డబ్బా. నూనెకీ నైట్రోజన్ గ్యాస్‌కీ అది అదనపు చోటు, గంటల తరబడి గుంతల దారిలో షాక్ వేడెక్కి నూనె పలచబడే వాళ్లకి నిజంగా పనికొస్తుంది. మీరు తిరిగేది తారు రోడ్లు. ఆ డబ్బు రీబౌండ్ (నొక్కుకున్న షాక్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఆపే పట్టు) మార్చుకునే నాబ్ ఉన్న షాక్ మీద పెట్టండి. స్పీడ్ బ్రేకర్ దాటాక వెనక రెండు మూడుసార్లు ఊగితే రీబౌండ్ ఒకటి రెండు క్లిక్‌లు పెంచాలి, వరసగా గతుకులొచ్చినప్పుడు వెనక దిగి దిగి పైకి రాకపోతే తగ్గించాలి. తిరుమల నుంచి దిగే పాత ఘాట్‌లో బ్రేకు పడ్డప్పుడల్లా బరువు ముందుకి పోయి వెనక లేస్తుంది కదా, రీబౌండ్ తక్కువైతే అది ఒక్కసారిగా ఎగురుతుంది, మలుపులో టైరు పట్టు తప్పుతుంది.

విప్పి నూనె, సీళ్లు మార్చగలిగే రకమే తీసుకోండి. చెన్నైలోనో బెంగళూరులోనో ఆ సర్వీసు ఎవరు చేస్తారో డబ్బు కట్టకముందే కనుక్కోండి.

ప్రశ్న: మాది చిత్తూరు. గ్రౌండ్ క్లియరెన్స్ కోసం వెనక ఒక అంగుళం పొడవైన షాక్స్ వేద్దామనుకుంటున్నా. పర్వాలేదా?

జవాబు: వద్దండి. వెనక అంత లేస్తే ముందు ఫోర్క్ నిటారు అవుతుంది, బెంగళూరు హైవే మీద వేగంలో హ్యాండిల్ తేలిపోతుంది. సైడ్ స్టాండ్ వేస్తే బండి మరీ వాలిపోతుంది, చైన్ స్వింగ్ ఆర్మ్‌ని (వెనక చక్రాన్ని పట్టుకుని పైకీ కిందికీ ఆడే చట్రం) రాసుకోవచ్చు. మొగిలి ఘాట్‌లో లారీల పక్కన అలాంటి బండి నడపడం నాకు ఇష్టం లేదు. కంపెనీ పొడవుకి ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ ఉన్న షాక్ చూసుకోండి, కింద తగులుతోందంటే ముందు స్ప్రింగ్ సంగతి తేల్చండి.