టెక్ సందేహాలు: అద్దె గదిలో స్మార్ట్ స్విచ్ బిగించుకోవచ్చా?

ప్రశ్న: విద్యార్థులకు అద్దెకిచ్చే గదిలో ఉంటున్నాను. గోడకున్న పాత స్విచ్ తీసేసి, ఫోన్‌తో పనిచేసే స్మార్ట్ స్విచ్ పెట్టుకోవాలని ఉంది. అద్దె ఒప్పందంలో ‘యజమాని అనుమతి లేకుండా మార్పులు చేయరాదు’ అని ఒక్క వాక్యమే ఉంది. ఇంత చిన్న పని కూడా మార్పు కిందికి వస్తుందా?

జవాబు: వస్తుంది. పని చిన్నదా పెద్దదా అన్నది ఇక్కడ ప్రధానం కాదు. గోడలోని వైరును ముట్టుకుంటున్నారా లేదా అన్నదే చూడాలి. హోల్డర్‌లోంచి తీసి మళ్లీ పెట్టగలిగే బల్బు మీ సామానులో ఒకటి. స్విచ్ మాత్రం ఇంటి వైరింగులో భాగం. పైగా చాలా స్మార్ట్ స్విచ్‌లకు న్యూట్రల్ వైరు (కరెంటు తిరిగి వెళ్లే వైరు) కావాలి. పాత ఇళ్లలో స్విచ్‌బోర్డు దాకా ఫేజ్ వైరు (కరెంటు తెచ్చే వైరు), అక్కడి నుంచి దీపానికి వెళ్లే వైరు తప్ప న్యూట్రల్ ఉండకపోవడం మామూలే. న్యూట్రల్ అవసరం లేని రకాలూ ఉన్నాయి కానీ, అవి తమకు కావలసిన కొద్దిపాటి కరెంటును బల్బు గుండానే లాగుతాయి కాబట్టి, తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బులు ఆపేసినా మినుకుమినుకుమంటూ ఉండే అవకాశం ఉంది.

అందుకని మీకు స్మార్ట్ బల్బే మేలు. కొనేముందు మీ గదిలో ఉన్నది 27 మిల్లీమీటర్ల మర హోల్డరో, 22 మిల్లీమీటర్ల పిన్నుల హోల్డరో చూసుకోండి. దీనితో ఒక్కటే చిక్కు: గోడ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండాలి. గదిలో ఉండే మరొకరు అలవాటు కొద్దీ స్విచ్ కట్టేస్తే, యాప్ ఎన్నిసార్లు నొక్కినా బల్బు పలకదు. బ్యాటరీతో పనిచేసే వైర్‌లెస్ బటన్‌ను జిగురు టేపుతో స్విచ్ పక్కనే అంటిస్తే ఈ గొడవ చాలావరకు తగ్గుతుంది.

స్విచ్చే కావాలనుకుంటే యజమానికి ఈమెయిల్ రాయండి. ఏ మోడల్ పెడుతున్నారు, ఏ ఎలక్ట్రీషియన్ బిగిస్తారు, ఖర్చు ఎవరిది, ఖాళీ చేసేటప్పుడు పాత స్విచ్‌ను తిరిగి బిగించే బాధ్యత ఎవరిది అన్న నాలుగు విషయాలూ అందులో స్పష్టంగా ఉండాలి. ‘సరే, పెట్టుకో’ అని ఫోన్‌లో అన్న మాట, ఇల్లు చేతులు మారినా, నిర్వహణ చూసే వ్యక్తి మారినా ఎవరికీ గుర్తుండదు. తీసిన స్విచ్‌ను మరలతో సహా ఒక కవరులో భద్రపరచి, పని మొదలుపెట్టేముందు బోర్డు ఫొటో తీసి ఆ ఈమెయిల్‌కే జత చేయండి. ఫోన్‌లోనే ఉంచుకున్న ఫొటో కంటే తేదీతో సహా అవతలివారికి చేరిన ఫొటోకు విలువ ఎక్కువ.

ప్రశ్న: గదిలో వై-ఫై సిగ్నల్ సరిగా అందడం లేదని, గోడలోని నెట్‌వర్క్ సాకెట్‌కు సొంత రౌటర్ తగిలించాను. మర్నాటికి నా కనెక్షన్ ఆపేశారు. ఒక్క మేకు కూడా కొట్టలేదు కదా, ఇదేం నిబంధన?

జవాబు: మీరు మార్చింది గోడను కాదు, నెట్‌వర్క్‌ను. దీనికి వర్తించేది అద్దె ఒప్పందం కాదు, కనెక్షన్ తీసుకున్నప్పుడు చదవకుండానే ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కిన వినియోగ నిబంధనలు. వాటిని నేనూ చదవకుండా నొక్కినవాణ్నే కాబట్టి మిమ్మల్ని తప్పుపట్టలేను. బహుశా మీరు గోడ నుంచి వచ్చిన కేబుల్‌ను రౌటర్‌కు బయటి నుంచి ఇంటర్నెట్ అందే వ్యాన్ (WAN) పోర్టుకు బదులు, సొంత పరికరాలను కలిపే ల్యాన్ (LAN) పోర్టుకు తగిలించి ఉంటారు. అలా చేస్తే మీ రౌటర్ ఆ నెట్‌వర్క్‌లోని ఇతరుల పరికరాలకు కూడా ఐపీ అడ్రసులు (నెట్‌వర్క్‌లో ఒక్కో పరికరాన్ని గుర్తించే నంబర్లు) పంచడం మొదలుపెడుతుంది; వాటిని అందుకున్న పక్కగదుల వారికి ఇంటర్నెట్ ఆగిపోతుంది. నిర్వాహకులు సొంత రౌటర్లను నిషేధించడానికి ఇదొక ముఖ్య కారణం.

జరిగింది చెప్పి, మీ గదికి యాక్సెస్ పాయింట్ (వై-ఫై సిగ్నల్ ఇచ్చే పరికరం) అడగండి. సొంతది వాడుకోనిస్తామంటే దాని మ్యాక్ అడ్రస్‌ను (తయారీలోనే పరికరానికి ఇచ్చే గుర్తింపు సంఖ్యను) నమోదు చేయించి, వ్యాన్ పోర్టునే వాడండి. ఇంకో మాట: విద్యార్థి పేరు, పాస్‌వర్డ్ రెండూ అడిగే సంస్థాగత వై-ఫైకి స్మార్ట్ బల్బులు, ప్లగ్గులు చాలావరకు కనెక్ట్ కాలేవు. మొదటి ప్రశ్న అడిగినవారు కూడా బల్బు కొనేముందు ఈ సంగతి చూసుకోవాలి.

కేబుల్ కోసం గోడకు కన్నం పెట్టే ఆలోచన మాత్రం మానుకోండి. గదుల మధ్య గోడలు కొన్నిచోట్ల మంటలను కొంతసేపు ఆపేలా కట్టినవి. సరిగా పూడ్చని చిన్న రంధ్రం గుండా కూడా పొగ పక్కగదికి చేరుతుంది.

ప్రశ్న: మానిటర్‌ను గోడకు జిగురు పట్టీలతో అంటించవచ్చా?

జవాబు: వద్దు. బల్లకు బిగించే క్లాంప్ స్టాండ్ కొనండి. దానికి అనుమతి అక్కర్లేదు. మానిటర్ వెనక మరల రంధ్రాల మధ్య దూరం సాధారణంగా 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, అది కొలుచుకోండి. లాగితే సాగే పట్టీలు తేలికైన వస్తువులకు పనికొస్తాయి. తీసేటప్పుడు వాటిని మీవైపు కాక, గోడ వెంబడే కిందికి నెమ్మదిగా లాగాలి. లేకపోతే, నాకు ఒకసారి అయినట్లే, పట్టీతో పాటు అరచేయంత రంగు కూడా ఊడి వస్తుంది.

ప్రశ్న: తలుపుకు స్మార్ట్ లాక్, బయట కెమెరా ఉన్న డోర్‌బెల్ పెట్టుకోవచ్చా?

జవాబు: తాళం విషయంలో లిఖిత అనుమతి తప్పనిసరి. ప్రమాదం జరిగినప్పుడు యజమాని గాని, అగ్నిమాపక సిబ్బంది గాని లోపలికి రాగలగాలి. బయటి తాళంచెవి రంధ్రాన్ని అలాగే ఉంచి, లోపలివైపు పిడిని మాత్రమే తిప్పే రకమైతే యజమాని తాళంచెవి ఎప్పటిలాగే పనిచేస్తుంది కాబట్టి, ఒప్పుకునే అవకాశం ఎక్కువ. డోర్‌బెల్ కెమెరాకు ఎదుటి గది తలుపు కనిపిస్తే, యజమాని ఒప్పుకున్నంత మాత్రాన చాలదు. ఆ గదిలో ఉన్నవారు ఎప్పుడు వచ్చారో, ఎవరితో వచ్చారో రికార్డు చేసే హక్కు మీకు రాదు. ఖాళీ చేసే రోజున పరికరాన్ని విప్పితే సరిపోదు: ముందు యాప్‌లో మీ ఖాతా నుంచి దాన్ని తొలగించి, తర్వాత ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అక్కడే వదిలి వెళ్తుంటే ఈ పని మరీ ముఖ్యం. లేకపోతే తర్వాత వచ్చిన విద్యార్థి తలుపు మీ ఫోన్‌లోంచి తెరుచుకుంటూనే ఉంటుంది.