ఆ ఒక్క తడి ఇప్పుడా, ఊడలు దిగేటప్పుడా?

ప్రశ్న: సార్, మాది కళ్యాణదుర్గం దగ్గర. 4 ఎకరాల ఎర్రనేలలో ఆరుద్ర కార్తెలో కదిరి-6 శెనక్కాయ వేసినాను. పునర్వసులో ఒక పదును వాన పడింది. అప్పట్నుంచి 24 రోజులుగా చినుకు లేదు. పైరుకు 37 రోజులు. మధ్యాహ్నానికి ఆకులు ముడుచుకుంటున్నాయి. పక్క చేను అన్న తన బోరు నుంచి స్ప్రింక్లర్లతో ఒక్క తడి ఇస్తానంటున్నాడు. ఇప్పుడే పెట్టుకోవల్లనా, లేక దున్నేసి ఉలవలు చల్లుకోవల్లనా?
– ఒక రైతు, అనంతపురం జిల్లా

జవాబు: దున్నకండి. తడీ ఇప్పుడే పెట్టకండి.

మధ్యాహ్నం ఆకు ముడుచుకుందని బెంబేలు పడొద్దు. ఎండను తప్పించుకోవడానికి వేరుశనగ చేసే పనే అది. రేపు తెల్లారి 6 గంటలకు చేలోకి వెళ్లండి. ఆకులు విచ్చుకుని ఉంటే వేరుకు ఇంకా తేమ అందుతున్నట్టే. జానెడు లోతు తవ్వి మట్టిని పిడికిట్లో నొక్కి తేమ ఉందేమో కూడా చూడండి. తెల్లారినా ఆకులు వాలిపోయే ఉంటే మాత్రం ఆగకుండా తడి ఇవ్వండి.

ఎందుకు ఆగమంటున్నానంటే, ఇప్పుడు బెట్టకు కొంత పూత పోయినా వాన పడ్డాక మళ్లీ పూస్తుంది. ఊడలు (పూత తర్వాత కాయ కట్టడానికి మట్టిలోకి దిగే కాడలు) దిగేటప్పుడు నేల గట్టిపడితే ఊడ లోపలికి పోదు. దిగినా లొట్టకాయే. ఆ నష్టం తర్వాతి వానతో పూడదు. అందుకే ఆ తడిని 45–55 రోజుల మధ్యకు దాచుకోండి. ఎకరాకు 10 మి.మీ. తడి అంటే 40 వేల లీటర్లు, 4 ఎకరాలకు లక్షా 60 వేలు. ఆ బోరు అంత పోస్తుందా అని అన్నతో ఇప్పుడే మాట్లాడుకోండి. చాలదంటే, నా మాటగా, పైరు బాగున్న 2 ఎకరాలకే పెట్టండి. నాలుగింటికీ చిలకరిస్తే ఏదీ దక్కదు.

ఈలోగా ఒకసారి సాళ్ల మధ్య గుంటక (పైమట్టిని గుల్లచేసే పనిముట్టు) తోలండి. పైమట్టి పొడిగా లేస్తే కింది తేమ తొందరగా ఆవిరి కాదు. 45 రోజులు దాటాక తోలితే ఊడలు తెగుతాయి. సాయంత్రం పూట లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్ ఎరువు) కలిపి పిచికారీ చేస్తే పైరు కొంత తట్టుకుంటుంది. జిప్సం పొడినేలలో వేయొద్దు, పదును వచ్చాక ఎకరాకు 200 కిలోలు.

గుంటక తోలినప్పుడే ప్రతి 12 సాళ్లకు (3.6 మీటర్లకు) వాలుకు అడ్డంగా ఒక గొడ్డుసాలు (వాన నీటిని చేలోనే ఆపే ఖాళీ సాలు) తీయండి. వాన లేనప్పుడు ఇదెందుకంటారేమో. గాలి 1 డిగ్రీ వేడెక్కితే సుమారు 7 శాతం ఎక్కువ తేమ పట్టగలదు. నేలలోని తేమను ఎక్కువగా పీల్చేదీ, కురిస్తే ఒక్క రాత్రిలో కుమ్మరించేదీ ఆ గాలే. ఏడాదికి సగటున 550 మి.మీ. పడే మన జిల్లాలో ఆ ఒక్క రాత్రి వాన వంకలో కలిస్తే మిగిలేదేముంది?

సగానికి మించి మొక్కలు ఎండితేనే ఉలవ మాట. దానికి ఆగస్టు ఆఖరు వరకు గడువుంది. వేస్తే ఈ-క్రాప్‌లో (ప్రభుత్వ పంట నమోదులో) పంట మార్పు రాయించుకోండి. శెనక్కాయ పేరే ఉండిపోతే పరిహారం దగ్గర తిప్పలు.