ప్రైవసీ కోసం బ్రౌజర్ మార్చాలనుకుంటున్నాను, ఏది మంచిది?

ఇప్పుడు క్రోమ్ వాడుతున్నానని, అందులోని ఇన్‌కాగ్నిటో (ప్రైవేట్ విండో) సరిపోతుందా, లేక ఫైర్‌ఫాక్స్, బ్రేవ్, టోర్‌లలో ఒకదానికి మారాలా అని అడిగారు. నేను ఈ నాలుగూ వాడాను. ఒకసారి అతికి పోయి మళ్ళీ మొదటికొచ్చాను కూడా. ప్రస్తుతం నా రోజువారీ పని ఫైర్‌ఫాక్స్‌లో, దానికి తోడు ప్రకటనలను, ట్రాకర్లను (మన వెంటపడి చూసే కోడ్‌ని) ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రామ్. ఇక్కడికి ఎలా వచ్చి ఆగానో చెబుతాను, మీకు ఏది కుదురుతుందో మీరే చూసుకోండి.

ముందు ఇన్‌కాగ్నిటో సంగతి. నాకు ఒక ఆరోగ్య సమస్య బయటపడిన కొత్తలో, ఇంట్లో అందరూ వాడే కంప్యూటర్ కదా అని దాని గురించి వెతికిందంతా ఇన్‌కాగ్నిటోలోనే వెతికాను. అదే విండోలో ఒక షాపింగ్ సైట్‌లోకి లాగిన్ అయి రెండు మూడు వస్తువులు చూశాను. ఏమీ కొనలేదు. రెండు రోజుల తర్వాత మా అక్క ఏదో ఆర్డర్ పెట్టడానికి మామూలు విండోలో అదే ఖాతాతో ఆ సైట్ తెరిస్తే, ‘మీరు ఇటీవల చూసినవి’ అంటూ అవన్నీ వరుసగా కనబడ్డాయి. తప్పు నాదే. ఇన్‌కాగ్నిటో ముఖ్యంగా చేసే పని ఇది: విండో మూసేశాక హిస్టరీని, కుకీలను ఆ కంప్యూటర్‌లో ఉంచదు. మీరు పేరు చెప్పి లోపలికి వెళ్ళిన సైట్‌కి, మీ నెట్ ఇచ్చే కంపెనీకి, ఆఫీసు నెట్‌వర్క్‌కి అది ఏ అడ్డూ కాదు. ఈ అపోహ నా ఒక్కడిదే కాదు లెండి. ఇన్‌కాగ్నిటోలో ఉన్నా సమాచారం సేకరిస్తున్నారంటూ 2020లో గూగుల్ మీద అమెరికాలో కేసు పడింది. 2024లో రాజీ కుదిరి, కోట్ల కొద్దీ రికార్డులు చెరిపేయడానికి ఆ కంపెనీ ఒప్పుకుంది.

నన్ను బ్రౌజర్ మార్చేలా చేసింది మాత్రం థర్డ్ పార్టీ కుకీలు. కుకీ అనేది 1994లో నెట్‌స్కేప్ వాళ్ళ కాలంలో పుట్టిన చిన్న ఏర్పాటు. సైట్ మిమ్మల్ని గుర్తుపెట్టుకోవడానికి మీ దగ్గరే దాచుకునే చీటీ లాంటిది. ఇబ్బంది ఎక్కడంటే, ఒకే ప్రకటనల కంపెనీ ముక్క వంద సైట్లలో ఉంటే, అది తన చీటీని వంద చోట్లా చదువుకుంటుంది. వార్తల సైట్‌లో, వంటల సైట్‌లో, ఉద్యోగాల సైట్‌లో ఉన్నది ఒకే మనిషని దానికి తెలిసిపోతుంది. ఆపిల్ వాళ్ళ సఫారీ 2020 మార్చిలో వీటిని పూర్తిగా ఆపేసింది. ఫైర్‌ఫాక్స్ 2022లో కంప్యూటర్లలో అందరికీ ఏ సైట్ చీటీలు ఆ సైట్ డబ్బాలోనే ఉండేలా చేసింది. క్రోమ్ కూడా రెండేళ్లలో ఆపేస్తామని 2020లో ప్రకటించి, వాయిదాల మీద వాయిదాలు వేసి, చివరికి 2025 ఏప్రిల్‌లో ఉన్నది ఉన్నట్టే వదిలేస్తామంది. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మీరే ఆపుకోవచ్చు, కానీ ఎంతమంది వెళ్తారు? ఆదాయంలో పెద్ద భాగం ప్రకటనల నుంచే వచ్చే కంపెనీ, ప్రకటనలకు ఉపయోగపడే దాన్ని తనంతట తాను మూస్తుందని నేనైతే ఎదురుచూడను.

సరే, అప్పుడు కోపం వచ్చి ఏకంగా టోర్‌కి మారిపోయాను. టోర్ మీ ట్రాఫిక్‌ని మూడు మజిలీల మీదుగా తిప్పుతుంది కాబట్టి మీ ఐపీ అడ్రస్ (నెట్‌లో మీ కనెక్షన్ చిరునామా) అవతలి సైట్‌కి తెలియదు. చేసే పనికి దాన్ని మించింది లేదు. కానీ నేను దానితో మెయిల్, బ్యాంకు, వీడియోలు అన్నీ చేయబోయాను. పేజీకో క్యాప్చా, అంటే మీరు మనిషేనా అని తేల్చుకునే పరీక్ష. బ్యాంకు సైట్ ఎవరో దొంగ వచ్చాడనుకుని నన్ను బయటికి తోసేసింది. అసలు సొంత పేరుతో బ్యాంకులోకి వెళ్తూ అడ్రస్ దాచుకోవడమేమిటో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. నెల తిరక్కుండానే పాత బ్రౌజర్ తెరిచి కూర్చున్నాను.

ఆ తర్వాత ఇంకో పొరపాటు చేశాను. ఫైర్‌ఫాక్స్ పెట్టుకుని, ప్రైవసీ అని పేరున్న ఎక్స్‌టెన్షన్లు ఎనిమిదో తొమ్మిదో ఎక్కించాను. ఒకరోజు డిజిటల్ హక్కుల కోసం పనిచేసే ఈఎఫ్ఎఫ్ అనే సంస్థ నడిపే ‘కవర్ యువర్ ట్రాక్స్’ పేజీలో పరీక్షించుకుంటే, వాళ్ళు ఈమధ్య పరీక్షించిన బ్రౌజర్లలో నాలాంటిది ఇంకొకటి లేదని వచ్చింది. దీన్నే ఫింగర్‌ప్రింటింగ్ అంటారు. కుకీలు లేకపోయినా స్క్రీన్ సైజు, టైమ్ జోన్, ఫాంట్లు, భాష లాంటివన్నీ కలిపి మిమ్మల్ని గుర్తుపట్టేస్తారు. ఇదే సంస్థ 2010లో చేసిన ప్రయోగంలో దాదాపు 84 శాతం బ్రౌజర్లు దేనికది వేరుగా తేలాయి. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను దాక్కోబోయి మరింత కొట్టొచ్చినట్టు కనబడ్డానన్నమాట. తెలుగులో పనిచేసేవాళ్ళు ఇంకొకటి కూడా గమనించాలి: బ్రౌజర్ భాషను తెలుగుగా పెట్టుకుని, సిస్టమ్‌లో డజను తెలుగు ఫాంట్లు ఎక్కించుకుంటే ఆ గుంపు చాలా చిన్నది. టోర్ దీనికి కనిపెట్టిన విరుగుడు గుంపులో గోవిందా పద్ధతి. ఫాంట్లు, విండో సైజు వగైరా వీలైనంతవరకు అందరికీ ఒకేలా కనబడేలా చేస్తుంది. బ్రేవ్ అయితే కొన్ని విలువలను కొద్దికొద్దిగా మార్చి చెబుతుంది.

బ్రేవ్ గురించి అడిగారు కాబట్టి: ఏమీ ముట్టుకోకుండా, పెట్టగానే పనిచేయాలంటే అదే సుఖం. ప్రకటనలు, ట్రాకర్లు మొదటినుంచే ఆపేస్తుంది. క్రోమ్‌కి కూడా ఆధారమైన క్రోమియం మీద కట్టింది కాబట్టి సైట్లు కూడా పెద్దగా మొరాయించవు. మా అక్కకి అదే పెట్టిచ్చాను. నాకు నచ్చనిది అందులో కనబడే క్రిప్టో వ్యవహారం. 2020లో కొన్ని క్రిప్టో సైట్ల అడ్రస్ టైప్ చేస్తే దానికి తమ కమిషన్ కోడ్ తగిలించి దొరికిపోయారు, తర్వాత తీసేశారు. ఫైర్‌ఫాక్సేమీ కడిగిన ముత్యం కాదు. దాన్ని తయారుచేసే మొజిల్లాకి వచ్చే డబ్బులో ఎక్కువ భాగం గూగుల్ సెర్చ్ ఒప్పందం నుంచే. 2024లో ప్రకటనల కొలతకి సంబంధించిన ఒక సెట్టింగ్‌ని అడక్కుండానే ఆన్ చేసి పెట్టారు. నేను వెతికి ఆపేశాను. అయినా అందులోనే ఉన్నానంటే కారణం యూబ్లాక్ ఆరిజిన్. ఎక్స్‌టెన్షన్ల నిబంధనలు మారాక క్రోమ్‌లో దానికి చోటు పోయింది, లైట్ అనే చిన్న రూపం మాత్రమే మిగిలింది. ఫైర్‌ఫాక్స్‌లో పూర్తిది నడుస్తుంది, ఆండ్రాయిడ్ ఫోన్‌లో కూడా. ఐఫోన్ అయితే సఫారీయే చాలు, అక్కడ చాలా దేశాల్లో ఏ బ్రౌజర్ పెట్టుకున్నా లోపలి ఇంజిన్ ఒక్కటే.

నా మిగతా ఎక్స్‌టెన్షన్లన్నీ తీసేశాను. మెయిల్‌కి, లాగిన్ కావాల్సిన సైట్లకి ఒక బ్రౌజర్, ఊరికే చదువుకోవడానికి ఇంకొకటి పెట్టుకున్నాను. నిజం చెప్పాలంటే ఏ బ్రౌజర్ అన్నదానికంటే ఈ విడదీతే నాకు ఎక్కువ పనికొచ్చింది. ఎవరికీ తెలియకూడదనుకునేది ఏదైనా వెతకాలంటే టోర్ తెరుస్తాను, అందులో ఎక్కడా లాగిన్ అవను, పనయ్యాక మూసేస్తాను.

మారేటప్పుడు బుక్‌మార్కులు తెచ్చుకోండి, కానీ పాత బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డ్‌లను కొత్తదానికి ఎక్కించాక అక్కడ చెరిపేయడం మర్చిపోకండి. సెర్చ్ ఇంజిన్ కూడా ఒకసారి చూసుకోండి, ఫైర్‌ఫాక్స్‌లో చాలాచోట్ల గూగులే వస్తుంది. నేను డక్‌డక్‌గో పెట్టుకున్నాను. తెలుగులో వెతికితే మాత్రం అది తరచు చేతులెత్తేస్తుంది, అప్పుడు లాగిన్ లేని విండోలో గూగుల్‌కే వెళ్తాను.