డాక్టర్ సలహా: నాన్నకు పక్షవాతం వచ్చి నాలుగు నెలలైంది, ఇక చెయ్యి రాదా?

ప్రశ్న: మా నాన్న వయసు 54. ఒక ప్రభుత్వ సంస్థ వర్క్‌షాప్‌లో మెకానిక్. నాలుగు నెలల కింద పొద్దున్నే బాత్రూమ్‌లో పడిపోయారు. మెదడులో ఎడమ వైపు రక్తనాళం మూసుకుపోయిందన్నారు. కుడి చెయ్యి, కుడి కాలు, మాట మూడూ పడిపోయాయి. ఇప్పుడు పట్టుకుంటే నాలుగడుగులు వేస్తున్నారు. చెయ్యి మాత్రం అలాగే ఉంది, బొటనవేలు, చూపుడు వేలు కొంచెం కదులుతాయంతే. ఏం అడిగినా "అదే, అదే" అంటారు, చెప్పలేక ఏడుస్తారు. ఇంటికొచ్చే ఫిజియో నెల రోజులు చేసి మానేశారు. ఆరు నెలలు దాటితే ఇక ఏమీ రాదని బంధువులు భయపెడుతున్నారు. ఒకాయన 35 వేలు పెట్టి రోబో గ్లౌజ్ కొనమంటున్నారు, ఇంకొకరు పావురం రక్తం రాయమంటున్నారు. అమ్మ పూర్తిగా అలిసిపోయింది. మేం ఏం చేయాలి? (ఒక పాఠకురాలు, ఉప్పల్, హైదరాబాద్)

జవాబు: అమ్మా, మీరు రాసినదంతా చదువుతూ నేను ఆగిపోయింది ఒక్క మాట దగ్గరే, బొటనవేలూ చూపుడు వేలూ కొంచెం కదులుతున్నాయన్న దగ్గర. మీరేమో దాన్ని లెక్కలోకి తీసుకోకుండా చెయ్యి అలాగే ఉందని రాశారు. నాకు మాత్రం అదే అసలు కబురు. నాలుగో నెలలో రెండు వేళ్ళు ఆయనంతట ఆయనే కదిలిస్తున్నారంటే మెదడు నుంచి ఆ చేతికి వెళ్ళే దారి పూర్తిగా తెగిపోలేదు, సన్నగా మిగిలి ఉంది. పొలం గట్టు మీద కాలిబాట రోజూ నడిస్తేనే బాటగా ఉంటుంది, నడవకపోతే గడ్డి మూసేస్తుంది. ఇదీ అంతే.

ముందు ఆరు నెలల సంగతి తేల్చేద్దాం. మొదటి మూడు నెలల్లో కోలుకోవడం వేగంగా ఉంటుంది, ఆరో నెల వచ్చేసరికి ఆ వేగం తగ్గుతుంది, ఇంతవరకూ నిజమే. కానీ వేగం తగ్గడం వేరు, ఆగిపోవడం వేరు. 2006లో అమెరికాలో ఎక్సైట్ అనే ట్రయల్ ఫలితాలు వచ్చాయి. అందులో ఉన్న 222 మందీ స్ట్రోక్ వచ్చి 3 నుంచి 9 నెలలు అయినవాళ్ళే. వాళ్ళలో ఒక గుంపుకి మంచి చేతికి మందపాటి గ్లౌజ్ తొడిగి, మెలకువగా ఉన్న సమయంలో దాదాపు 90 శాతం దాన్ని వాడనివ్వకుండా, రెండు వారాలపాటు బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఆ చెయ్యి మెరుగుపడింది, ఏడాది తర్వాత చూసినా ఆ మెరుగు నిలిచే ఉంది. ఆరు నెలలకి తలుపు మూసుకుపోయేటట్టయితే ఇది జరిగేదే కాదు. అయితే మణికట్టూ వేళ్ళూ కొంచెమైనా వెనక్కి లేపగలిగేవాళ్ళకే ఈ పద్ధతి పనికొస్తుంది, నాన్నగారు ఆ స్థితికి వచ్చారో లేదో ఫిజియో చూసి చెప్పాలి, మీరే ఇంట్లో గ్లౌజ్ తొడిగేయకండి. కర్ర పట్టుకునే చేతికి గ్లౌజ్ వేసి నడిపిస్తే పడిపోతారు.

ఇప్పుడు మీ ఇంట్లో మార్చాల్సిన విషయానికి వస్తాను, కొంచెం కష్టంగా అనిపించినా చెప్పాలి. మీరు రాయలేదు గానీ నేను ఊహించగలను, అమ్మ అన్నం కలిపి ముద్దలు పెడుతుంది, షర్టు తొడుగుతుంది, గుండీలు పెడుతుంది, నీళ్ళ గ్లాసు నోటికి అందిస్తుంది. ప్రేమతోనే చేస్తుంది, నేను కాదనను. కానీ ఆమె చేసిన ప్రతి పనీ ఆ చేతికి దక్కాల్సిన సాధన. 2009లో వచ్చిన ఒక అధ్యయనంలో థెరపీ సెషన్లలో కూర్చుని లెక్కపెట్టారు, చేతితో చేసే పనులు ఒక సెషన్‌లో సగటున 32 సార్లు మాత్రమే చేయిస్తున్నారని తేలింది. మెదడు కొత్తగా నేర్చుకోవాలంటే జంతువుల మీద చేసిన పరిశోధనల్లో అదే కదలిక వందల సార్లు కావాల్సి వచ్చింది. వారానికి మూడు రోజులు వచ్చి ముప్పావు గంట చేసి వెళ్ళే ఫిజియో ఎంత మంచివాడైనా ఆ వందలు ఎక్కడి నుంచి తెస్తాడు? అవి మీ ఇంట్లోనే పుట్టాలి, అన్నం తినేటప్పుడూ, బట్టలు మడతపెట్టేటప్పుడూ.

మీ నాన్నగారు మెకానిక్ కదా, నేనైతే రబ్బరు బంతి పిసకమని చెప్పను. (బంతి పిసకడం వల్ల ఇప్పటికే ముడుచుకునే వేళ్ళు ఇంకా బిగుసుకునే ప్రమాదం కూడా ఉంది, తెరవడం మీద పని చేయాలి.) ఒక స్టీల్ పళ్ళెంలో పెద్ద సైజు నట్లూ బోల్టులూ పోసి ఆయన ముందు పెట్టండి. బోల్టు ఎడమ చేత్తో పట్టుకుని, నట్టుని కుడి చేతి ఆ రెండు వేళ్ళతో తిప్పమనండి. మొదటి రోజు పావు చుట్టు కూడా తిరగకపోవచ్చు, నట్టు జారి కింద పడుతుంది, మీరు వంగి తీయబోతారు, ఆగండి, ఆయన్నే వెతకనివ్వండి. ముప్పై ఏళ్ళు ఆ చేతికి తెలిసిన పని అది. నా దగ్గరికి వచ్చిన ఒక టైలర్‌కి మూడు నెలలు వ్యాయామాల కాగితం ఇస్తే చేయలేదు, ఆయన కత్తిరించి పారేసిన గుడ్డముక్కలు ఇచ్చి రంగులవారీగా వేరుచేయమంటే గంటన్నర కూర్చున్నాడు. ఉదయం ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై నిమిషాలు, మధ్యలో పల్లీలు ఒలవడం, టవల్ మడతపెట్టడం, స్విచ్ వేయడం, ఇలా రోజంతా పరచండి. అలసిపోతే విశ్రాంతి తప్పనిసరి, స్ట్రోక్ తర్వాత వచ్చే అలసట బద్ధకం కాదు.

దీనికి తోడు అద్దం. మామూలు అద్దాన్ని బల్ల మీద ఆయన ఛాతీ మధ్యకు సూటిగా, రెండు చేతుల మధ్య అడ్డుగోడలా నిలువుగా నిలబెట్టాలి, బొమ్మ కనిపించే వైపు ఎడమకి ఉండాలి, కుడి చెయ్యి అద్దం వెనక, ఎడమ చెయ్యి అద్దం ముందు. అద్దంలోకి చూస్తూ ఎడమ చెయ్యి తెరిచి మూస్తుంటే మెదడుకి కుడి చెయ్యే కదులుతున్నట్టు కనిపిస్తుంది. చెయ్యి తీసేసినవాళ్ళకు లేని చేతిలో వచ్చే నొప్పి కోసం వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో మొదలుపెట్టిన పద్ధతి ఇది, తర్వాత స్ట్రోక్ చేతికీ ఉపయోగపడుతుందని చాలా అధ్యయనాల్లో తేలింది. రోజూ అరగంట, అంచులు చుట్టిన అద్దం, అంతే ఖర్చు.

రోబో గ్లౌజ్ గురించి అడిగారు. 2019లో బ్రిటన్‌లో 770 మంది మీద రోబో యంత్రంతో చేతికి శిక్షణ ఇచ్చి చూశారు, చేతి పనితీరులో మామూలు చికిత్స కంటే అది మేలు అని తేలలేదు. మీరు చూసిన గ్లౌజ్ వేళ్ళని తనే తెరిచి మూస్తుంది, ఆయన టీవీ చూస్తూ కూర్చోవచ్చు, మెదడు ప్రయత్నించనప్పుడు నేర్చుకునేదేముంది? ఆ 35 వేలు మంచి ఫిజియోకీ స్పీచ్ థెరపీకీ పెట్టండి. పావురం రక్తం వద్దే వద్దు, దానితో ఏ నరమూ లేవదు, పైగా ఇన్ఫెక్షన్ భయం. గోరువెచ్చని నూనెతో మెల్లగా మర్దన చేస్తే ఆయనకి హాయిగా ఉంటే చేయండి, వేడి మీరు ముందు మీ చేతి మీద చూసుకోండి, స్పర్శ తగ్గిన చేతికి కాలినా తెలియదు. కానీ నాటుమందు ఇచ్చేవాళ్ళు ఇంగ్లిష్ మందులు ఆపమంటే మాత్రం అక్కడి నుంచి వెంటనే వచ్చేయండి.

భుజం జాగ్రత్త. పక్షవాతం వచ్చిన చేతి భుజం కీలు వదులుగా ఉంటుంది. మంచం మీద నుంచి లేపేటప్పుడు ఆ చెయ్యి పట్టి లాగడం, చంకలో చెయ్యి వేసి ఎత్తడం, తలుపుకి కప్పీ కట్టి తాడుతో చెయ్యి పైకి లాగించడం, ఈ మూడూ మానేయండి. తాడు పద్ధతి ఇప్పటికీ చాలా ఇళ్ళలో చూస్తున్నాను, దానివల్ల వచ్చిన భుజం నొప్పితో ఆ చెయ్యి ముట్టుకోనివ్వని పేషెంట్లు ఎంతమందో. నడుముకి బెల్టు కట్టి దాన్ని పట్టుకుని లేపండి. కూర్చున్నప్పుడు చెయ్యి కిందికి వేలాడకుండా దిండు మీద ఉంచండి.

కాలు గురించి క్లుప్తంగా చెప్తాను, ఎందుకంటే నడక ఎలాగూ వస్తోంది. పాదం ముందు భాగం నేలకి రాసుకుంటుంటే ఏఎఫ్‌ఓ అనే ప్లాస్టిక్ పట్టీ కొలత తీసుకుని చేయించాలి, రెడీమేడ్‌ది చాలామందికి సరిపోదు. నాలుగు కాళ్ళ కర్ర ఎడమ చేతిలో ఉండాలి. బాత్రూమ్‌లో గోడకి పట్టుకునే రాడ్లు రెండు, జారని మ్యాట్, కమోడ్ కుర్చీ, ఇవన్నీ కోఠిలో సర్జికల్ షాపుల్లో దొరుకుతాయి, పడి తుంటి విరిగితే అయ్యే ఖర్చుతో పోలిస్తే ఏమీ కాదు. కాలో చెయ్యో బాగా బిగుసుకుపోతుంటే బొటులినమ్ ఇంజెక్షన్ ఉంటుంది, డాక్టర్‌ని అడగండి.

మాట. "అదే, అదే" అనడం పిచ్చి కాదు, చెవుడు కాదు. దీన్ని అఫేసియా అంటారు. చెప్పాలనుకున్నది లోపల ఉంటుంది, పదం బయటికి రాదు, ఆ చిక్కులోనే ఏడుపు వస్తుంది. అందుకని గట్టిగా అరిచి మాట్లాడకండి, చిన్న వాక్యం ఒకటి అడగండి, టీవీ ఆపండి, పదిదాకా లెక్కపెట్టుకునేంత సేపు ఆగండి, ఆయన బదులు మీరు పూర్తిచేయకండి. అవును, కాదు అని తలూపితే సరిపోయేట్టు అడగండి. మీ ఇంట్లో వస్తువులకే ఫోన్లో ఫొటోలు తీసి, ఆయన గ్లాసు, ఆయన కళ్ళజోడు, బాత్రూమ్ తలుపు, ఫ్యాన్, మనవల మొహాలు, ప్రింట్ తీసి ఒక ఫైల్లో పెట్టండి. యాప్‌లలోని ఇంగ్లిష్ బొమ్మల కంటే ఇది ఎన్నో రెట్లు నయం. ఇంకోటి, మాట రానివాళ్ళకి కూడా పాట వస్తుండవచ్చు. పాటతో మాటని రప్పించే చికిత్స 1973 నుంచే ఉంది. ఆయనకి బాగా నోటికొచ్చిన భజనో పాత సినిమా పాటో మీరు మొదలుపెట్టండి, చివరి పదం దగ్గర ఆగండి, చూడండి ఏం జరుగుతుందో.

స్పీచ్ థెరపీ ఖరీదని ఆగిపోకండి. సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో మాట, వినికిడి లోపాలు చూసే అలీ యావర్ జంగ్ జాతీయ సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉంది, కేంద్ర ప్రభుత్వానిది. అక్కడ చూపించండి. ఆయన ఇంట్లో తెలుగు, వర్క్‌షాప్‌లో హిందీ, ఉర్దూ మాట్లాడేవారై ఉంటే అదీ చెప్పండి, ఒక భాషలో రాని పదం ఇంకో భాషలో రావచ్చు. మన నిమ్స్‌లోనే 608 మంది స్ట్రోక్ పేషెంట్లను చూసి 2016లో ప్రచురించారు, రెండు లేదా ఎక్కువ భాషలు వచ్చినవాళ్ళలో స్ట్రోక్ తర్వాత ఆలోచనాశక్తి మామూలుగా ఉన్నవాళ్ళు 40 శాతం, ఒకే భాష వచ్చినవాళ్ళలో 20 శాతం లోపే. అఫేసియా రావడంలో తేడా కనిపించలేదు గానీ, ఆలోచన గట్టిగా ఉంటే థెరపీకి అదే పెద్ద అండ.

నీళ్ళు తాగితే దగ్గు వస్తోందా, తాగాక గొంతు తడిగా గరగరలాడుతోందా గమనించండి. అలా ఉంటే మింగడం పరీక్ష చేయించాలి, నిటారుగా కూర్చోబెట్టే తినిపించాలి, తిన్నాక అరగంట పడుకోబెట్టకూడదు.

ఏడుపు చిక్కులో వచ్చేది ఒకటైతే, నిద్ర పోకపోవడం, తిండి మీద ధ్యాస లేకపోవడం, ఫిజియో వస్తే మొహం తిప్పుకోవడం ఇంకోటి. స్ట్రోక్ వచ్చినవాళ్ళలో ముగ్గురిలో ఒకరికి డిప్రెషన్ వస్తుంది, దానికి మందు ఉంది, ఆ మందు పడితేనే చాలామంది చెయ్యి కదిలించడానికి కూడా ఒప్పుకుంటారు. అమ్మ సంగతి కూడా అంతే ముఖ్యం. వారానికి ఒక పూట మీరో మీ తమ్ముడో చెల్లెలో ఉండి అమ్మని గుడికో అక్క ఇంటికో పంపండి, రాత్రి నిద్ర వంతులు వేసుకోండి. మనసు బాగాలేనప్పుడు ఎవరితోనైనా మాట్లాడాలంటే టెలీమానస్ నంబరు 14416, ఉచితం, తెలుగులో మాట్లాడొచ్చు.

ఆయన్ని బయటికి తీసుకెళ్ళండి. సాయంత్రం కాలనీ పార్కులో బెంచీ మీద కూర్చున్నా చాలు. ఆయన వర్క్‌షాప్ స్నేహితులు రావడం మానేసి ఉంటారు, ప్రేమ లేక కాదు, ఏం మాట్లాడాలో తెలియక. ఇద్దరిని మీరే పిలిచి, పైన చెప్పినట్టు ఎలా మాట్లాడాలో చెప్పి, చాయ్ ఇచ్చి, ఆ నట్లూ బోల్టుల పళ్ళెం మధ్యలో పెట్టండి. ఫిజియో విభాగం బయట వెయిటింగ్‌లో ఇలాంటి కుటుంబాలే నాలుగు కూర్చుని ఉంటాయి, నంబర్లు తీసుకుని వాట్సాప్ గ్రూప్ పెట్టుకోండి. ఏ ఫిజియో ఇంటికొస్తాడు, పట్టీ ఎక్కడ బాగా చేస్తారు అనే కబుర్లు మాకంటే వాళ్ళకే బాగా తెలుసు.

ఉద్యోగం గురించి మీరు అడగలేదు, కానీ చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఎవరైనా తొందరపెట్టి స్వచ్ఛంద విరమణ కాగితం మీద వేలిముద్ర వేయించుకోకుండా చూసుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చిన ప్రభుత్వ సంస్థ ఉద్యోగిని తీసేయకూడదు, హోదా తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పనికి మార్చాలి. వైకల్య ధ్రువపత్రం సాధారణంగా స్ట్రోక్ వచ్చి ఆరు నెలలయ్యాకే ఇస్తారు, ఎలా దరఖాస్తు చేయాలో మీసేవలో అడిగి తెలుసుకోండి, చేతికీ కాలికీ మాత్రమే కాదు, అఫేసియా కూడా ఆ చట్టంలో ఉంది, రెండూ రాయించండి. ఇది చదువుతున్న మిగతావాళ్ళకి, ఉద్యోగం లేని అర్హులకు తెలంగాణలో వికలాంగుల పింఛను 2023 జులై నుంచి నెలకు 4,016 రూపాయలు.

బీపీ, రక్తం పలుచబరిచే గోలీ, కొలెస్ట్రాల్ గోలీ ఒక్క రోజు కూడా ఆపకండి. చేతికి పట్టీ చుట్టే బీపీ మిషన్ కొనండి, 130/80 లోపు ఉండేలా డాక్టర్‌తో చూసుకోండి. మళ్ళీ మూతి వంకరపోయినా, చెయ్యి పడినా, ఉన్న మాట తడబడినా 108కి ఫోన్ చేసి, ఎప్పుడు మొదలైందో టైమ్ రాసుకోండి. గడ్డ కరిగించే ఇంజెక్షన్‌కి నాలుగున్నర గంటలే గడువు.

ఈ వారంలోనే ఫిజియోని మళ్ళీ పిలవండి. ఆయన వచ్చేలోపు ఆ రెండు వేళ్ళూ కదులుతున్నప్పుడు ఫోన్లో పది సెకన్ల వీడియో తీసి తేదీ వేసి పెట్టుకోండి. ప్రతి ఆదివారం అదే కుర్చీలో, అదే వెలుతురులో ఇంకోటి తీయండి. నెల తర్వాత అన్నీ పక్కపక్కన పెట్టి నాన్నగారికే చూపించండి, నాకూ రాయండి.