చికాగో పాత పేపర్లు, ఆ భాషలు రాకుండా చదవడం ఎలా (సమాధానం)

చికాగోకి వలసొచ్చినోళ్ల పేపర్ల మీద ప్రాజెక్ట్ చేస్తున్నా, జర్మన్ పోలిష్ రాక ఆగిపోయా అన్నారు కదండీ, దానికి దారుంది. ఫారిన్ లాంగ్వేజ్ ప్రెస్ సర్వే అని వెతకండి, చికాగోలోని న్యూబెర్రీ లైబ్రరీ వాళ్లు ఫ్రీగా నెట్‌లో పెట్టారు. 1930ల మాంద్యంలో పనిలేనివాళ్లకి పనివ్వడానికి పెట్టిన గవర్నమెంట్ స్కీమ్ కింద, 22 సముదాయాల పేపర్లలో 1855 నుంచి 1938 దాకా వచ్చినవాటిలో కొన్ని ఏరి ఇంగ్లీషులోకి మార్చి టైప్ చేశారు. ప్రతి షీటు పైన సముదాయం పేరు, పేపర్ పేరు, తేదీ, ఒక సబ్జెక్ట్ కోడ్ ఉంటాయి, ఆ కోడ్ పట్టుకుంటే స్కూళ్లు, సమ్మెలు ఇలా టాపిక్ వారీగా లాగొచ్చు, చాలా టైం కలిసొస్తుంది.

కానీ ఒకటి గట్టిగా చెప్తున్నా, ఇవి ఎవరో ఏరినవి, ఫలానా పేపర్ ఈ విషయం ఇన్నిసార్లు రాసిందని దీన్నిబట్టి లెక్క కట్టొద్దు.

నల్లజాతి పేపర్లు ఇందులో దొరకవండి, అవి ఇంగ్లీషువే కాబట్టి. వాటికి చికాగో డిఫెండర్ చూడండి, 1905లో రాబర్ట్ అబ్బాట్ పెట్టింది. పుల్‌మన్ అనే కంపెనీ స్లీపర్ రైలు పెట్టెల్లో పనిచేసే పోర్టర్లు దాన్ని అమెరికా దక్షిణాది ఊళ్లకి మోసుకెళ్లి పంచేవాళ్లు, ఆ భాగం మాత్రం వదలకండి.