సెల్లర్ రిపేర్లు చేయనంటే ఎర్నెస్ట్ మనీ పోతుందా?

ప్రశ్న: మేడమ్, మేం డల్లాస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటాం. గ్రీన్ కార్డు వచ్చాక, 1966లో కట్టిన ఇల్లు ఎఫ్‌హెచ్‌ఏ లోన్‌తో (ప్రభుత్వ ఇన్సూరెన్స్ ఉండే లోన్) కొంటున్నాం. కాంట్రాక్టులో ‘యాజ్ ఈజ్’ (ఉన్నది ఉన్నట్టుగా) అని ఒప్పుకున్నాం, ఏ కారణమూ చెప్పకుండా తప్పుకోగలిగే ఆప్షన్ పీరియడ్ కూడా అయిపోయింది. ఇప్పుడు లోన్ ఇచ్చే లెండర్ తరఫున ఇంటి విలువ కట్టే అప్రైజర్ వచ్చి, చూరు కింద చెక్కకి పెయింట్ పెచ్చులూడుతోందనీ, వాటర్ హీటర్ రిలీఫ్ వాల్వుకి పైపు లేదనీ, అవి సరిచేయాలనీ రాశాడు. సెల్లరేమో నాకు సంబంధం లేదంటున్నాడు. మా డబ్బుతో మేమే చేయించేస్తే పోలా అంటారు మావారు. ముందుగా కట్టిన అడ్వాన్సు, అదే ఎర్నెస్ట్ మనీ, పోతుందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు: ముందు మీవారిని ఆపండి. ఆ ఇల్లు ఇంకా మీది కాదు. మీరు పెయింట్ వేయించాక రేపు ఏ ఉద్యోగం కారణంగానో లోన్ ఆగిపోయిందనుకోండి, రాతకోతలు లేకుండా పెట్టిన ఆ డబ్బు సెల్లర్ దగ్గర రాబట్టుకోవడం చాలా కష్టం. పైగా 1978కి ముందు ఇళ్ల పెయింట్‌లో సీసం ఉండొచ్చు, అందుకే ఎఫ్‌హెచ్‌ఏ ఆ ఇళ్లలో ఊడుతున్న పెయింట్‌ని లోపలైనా బయటైనా వదలదు. మీరే స్క్రేపర్ పట్టుకుని గీకితే ఆ పొడి పీల్చేది మీరూ మీ పిల్లలూ. డబ్బిచ్చి చేయిస్తే ఆ కాంట్రాక్టరుకి ఈపీఏ (కేంద్ర పర్యావరణ సంస్థ) సర్టిఫికేషన్ ఉండాలి.

ఇక ‘యాజ్ ఈజ్’ సంగతి. టెక్సస్‌లో పాత ఇళ్ల అమ్మకాలకి ఏజెంట్లు మామూలుగా వాడేది టెక్సస్ రియల్ ఎస్టేట్ కమిషన్ ఫారమే, మీదీ అదే అనుకుని చెబుతున్నాను. ఏడో పేరా తీయండి. ‘డి’లో ఉంది మీరు ఒప్పుకున్న యాజ్ ఈజ్. దాని కిందే ‘ఇ’ ఉంది, లెండర్ అడిగే రిపేర్ల గురించి, అది చాలామంది చదవరు. రాతపూర్వకంగా వేరే ఒప్పందం లేకపోతే ఆ రిపేర్లు చేయించే బాధ్యత సెల్లర్‌కీ లేదు, మీకూ లేదు. ఖర్చు ఎవరు పెట్టుకోవాలో ఒప్పందం కుదరకపోతే కాంట్రాక్టు రద్దవుతుంది, ఎర్నెస్ట్ మనీ మీకు తిరిగొస్తుంది. ఖర్చు అమ్మకం ధరలో 5 శాతం దాటితే, అంటే 3,40,000 డాలర్ల ఇంటికి 17,000 దాటితే, మీరే రద్దు చేసుకోవచ్చు. కాబట్టి సెల్లర్ చేయనంటే తప్పేం కాదు, కానీ ఆ మాట మీద మీ డబ్బు అట్టిపెట్టుకోలేడు.

ఇంకో దారి కాంట్రాక్టుకి జతచేసే థర్డ్ పార్టీ ఫైనాన్సింగ్ అడెండంలో ఉంది. ఇల్లు లెండర్ నిబంధనలకి సరిపోలేదని లెండరే కారణాలతో రాసిస్తే, ఆ కాగితం జతచేసి క్లోజింగ్‌కి (అమ్మకం పూర్తయ్యే తేదీకి) మూడు రోజుల ముందుగానే సెల్లర్‌కి కాంట్రాక్టు రద్దు నోటీసివ్వాలి. ఫోన్లో చెప్పడం నోటీసు కాదు. గడువు దాటితే ఈ హక్కు పోయినట్టే, కాబట్టి మీ ఫారంలో ఆ లైను ఇప్పుడే చూసుకోండి.

అయితే ఇల్లు మీకు నచ్చింది కదా, పోగొట్టుకోనక్కర్లేదు. అప్రైజల్ కాపీ క్లోజింగ్‌కి కనీసం మూడు పనిదినాల ముందు మీకివ్వడం లెండర్ బాధ్యత, ఈరోజే అడిగి తీసుకుని ఆ పేజీ సెల్లర్‌కి పంపించండి. ‘సబ్జెక్ట్ టు’ అన్న గడిలో టిక్ ఉంటుంది, అంటే ఆ పనులు అయినట్టు భావించి కట్టిన విలువ అది. ఇంకో ఎఫ్‌హెచ్‌ఏ బయ్యర్ వచ్చినా ఆ చూరు దగ్గరే ఆగుతాడని సెల్లర్‌కి అర్థమైతే చాలాసార్లు మెత్తబడతారు. అప్రైజర్‌కి మాత్రం మీరు ఫోన్ చేయొద్దు. తప్పు రాశాడనిపిస్తే లెండర్ ద్వారానే అడగాలి.

ప్రభుత్వ ఇన్సూరెన్స్ లేని కన్వెన్షనల్ లోన్‌కి మారితే ఇలాంటి చిన్న పనులు చాలాసార్లు అడ్డురావు, కానీ లోన్ పని దాదాపు మొదటికొస్తుంది. (హెచ్‌1బి మీద ఉన్నవాళ్లు కూడా ఇది చదువుతుంటారు కాబట్టి చెబుతున్నా: 2025 మే 25 నుంచి కేస్ నంబర్ తీసుకునే ఎఫ్‌హెచ్‌ఏ లోన్లు వీసా మీద ఉన్నవాళ్లకి ఇవ్వడం లేదు.)

నన్ను ఎక్కువ భయపెడుతున్నది వేరే ఉంది. మీ ఉత్తరంలో ఇన్‌స్పెక్షన్ ఊసే లేదు. అప్రైజర్ వచ్చింది లెండర్ అప్పుకి ఆ ఇల్లు సరిపడే హామీయా కాదా చూడ్డానికి. అరిగిన కార్పెట్ అతనికి పట్టదు, గోడలోపలి ప్లంబింగ్ విప్పి చూడడు. డల్లాస్ బంకమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది, అరవై ఏళ్ల ఇంటి ఫౌండేషన్ ఎలా ఉందో ఇన్‌స్పెక్టరో స్ట్రక్చరల్ ఇంజనీరో చూసి చెప్పాలి. చేయించి ఉండకపోతే ఆప్షన్ గడువు పోయినా సరే, సెల్లర్ రిపేర్ల మాట తేల్చేలోపే చేయించండి.

సెల్లర్ ఒప్పుకుంటే నోటిమాట మీద వదలకండి. ఎవరి ఖర్చు, ఏ తేదీలోపు, వాటర్ హీటర్‌కి లైసెన్స్ ఉన్న ప్లంబర్, అప్రైజర్ మళ్లీ వచ్చి చూసే ఫీజు ఎవరిది, ఇవన్నీ కాంట్రాక్టుకి అమెండ్‌మెంట్‌గా (సవరణగా) రాయించి ఇద్దరూ సంతకాలు పెట్టండి. తిరిగి చూసి రిపోర్టు రావడానికి రోజులు పడుతుంది కాబట్టి, క్లోజింగ్ తేదీ జరపడం కూడా అదే కాగితంలో ఉండాలి.